సీరియలైజేషన్: ఆబ్జెక్టును అక్షరాల్లో పెట్టడం

ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు కంప్యూటరు మెమరీలో బతికే ఆబ్జెక్టును, ఫైల్లో దాచుకోవడానికో మరో కంప్యూటరుకు పంపడానికో వీలుగా, ఒక నియమం ప్రకారం వరుసగా పేర్చిన అక్షరాలుగా మార్చడాన్ని సీరియలైజేషన్ అంటారు. ఆ అక్షరాలను చదివి ఆబ్జెక్టును మళ్లీ నిలబెట్టడం డీసీరియలైజేషన్. సీరియలైజేషన్‌ను కొందరు మార్షలింగ్ అంటారు. పైథాన్ వాళ్లు మాత్రం పిక్లింగ్ అంటారు, అంటే ఊరగాయ పెట్టడం. ఎవరు పెట్టారో తెలియని జాడీ మూత తీయకూడదన్న హెచ్చరిక ఆ ఊరగాయకూ వర్తిస్తుంది. ఆ సంగతి తర్వాత వస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా మనిషి కళ్లతో చదవగలిగే రూపాల గురించి: ఎక్స్‌ఎమ్‌ఎల్, జేసన్, యామల్. బైనరీ రూపాల ప్రస్తావన అవసరమైనంత మేరకే.

మార్చడం అన్న మాట కొంచెం మోసం చేస్తుంది. ఆబ్జెక్టు మొత్తం అక్షరాల్లోకి రాదు. దాని విలువలు వస్తాయి, అల్లిక కొంతవరకు వస్తుంది. అది చేయగలిగిన పనులు, అంటే మెథడ్లు, రావు. మెమరీలో దాని చోటు రాదు. తాను ఫలానా అన్న గుర్తింపూ రాదు. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న దగ్గరే ఒక ఫార్మాటుకూ ఇంకో ఫార్మాటుకూ తేడా పుడుతుంది. వదిలేసినది ఏదో ఒక రోజు వెనక్కి వచ్చి తలుపు తడుతుంది.

మెమరీలో ఒకలా, బయట ఒకలా

మెమరీలో ఆబ్జెక్టు ఒకేచోట కుదురుగా ఉండదు. పుస్తకం అనే ఆబ్జెక్టు ఉందనుకుందాం. దాని పేరు ఒకచోట, రచయిత వివరాలు ఇంకోచోట, ముద్రణల జాబితా మరెక్కడో ఉంటాయి. పుస్తకం ఆబ్జెక్టులో ఉండేవి ఆ చోట్ల చిరునామాలు మాత్రమే. వాటినే పాయింటర్లు అంటారు. ప్రోగ్రాము ఆ పూట నడిచినంతవరకే ఆ చిరునామాలు చెల్లుతాయి. "రావిచెట్టు పక్కసందులో మూడో ఇల్లు" అన్న గుర్తు ఊళ్లోవాళ్లకు చాలు గానీ, పక్క జిల్లా నుంచి రాసే కవరు మీద పనికిరాదు. అందుకని సీరియలైజ్ చేసే కోడు ఒక్కో పాయింటరు వెంబడీ వెళ్లి, అక్కడున్న విలువను తెచ్చి, దాన్ని పట్టుకున్న ఆబ్జెక్టు లోపలే రాసేస్తుంది. సాలెగూడులా అల్లుకున్నది ఒక పొడవాటి దారమవుతుంది. సీరియల్ అన్న పేరు ఆ వరుస వల్లే వచ్చింది.

జేసన్‌లో ఆ పుస్తకం ఇలా ఉంటుంది:

{
  "పుస్తకం": "కన్యాశుల్కం",
  "రచయిత": { "పేరు": "గురజాడ అప్పారావు", "జననం": 1862 },
  "ముద్రణలు": [1897, 1909]
}

ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉన్నది ఆబ్జెక్టు: ఎడమ పక్కన పేరు, కుడి పక్కన విలువ. చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది జాబితా. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో అదే పుస్తకం:

<పుస్తకం పేరు="కన్యాశుల్కం">
  <రచయిత జననం="1862">గురజాడ అప్పారావు</రచయిత>
  <ముద్రణ>1897</ముద్రణ>
  <ముద్రణ>1909</ముద్రణ>
</పుస్తకం>

ఇక్కడ జననాన్ని ట్యాగు లోపల యాట్రిబ్యూటుగా పెట్టాం. విడిగా ఒక ట్యాగుగానూ పెట్టవచ్చు. ఎప్పుడు ఏది పెట్టాలో ఎక్స్‌ఎమ్‌ఎల్ చెప్పదు, దాంతో ప్రతి జట్టూ తన ఆనవాయితీ తాను పెట్టుకుంటుంది. రెండో ముద్రణ ఇంకా రాలేదనుకోండి, అప్పుడు ముద్రణ ట్యాగు ఒక్కటే ఉంటుంది. అది ఒకే అంశమున్న జాబితానా, అసలు జాబితా కాని ఒంటరి విలువా అన్నది చదివే ప్రోగ్రాముకు ఆ అక్షరాల నుంచి తెలిసే దారి లేదు. ప్రోగ్రామింగ్ భాషల్లో రోజూ వాడే జాబితా, పేరు-విలువ జత అన్నవి జేసన్‌కు పుట్టుకతో ఉన్నాయి. ఎక్స్‌ఎమ్‌ఎల్ పుట్టింది పత్రాల కోసం, ఆబ్జెక్టుల కోసం కాదు.

ఒక్క గురజాడ ఇద్దరవడం

పై ఉదాహరణకు "ముత్యాల సరాలు" కూడా చేర్చుదాం. మెమరీలో రెండు పుస్తకాలూ ఒకే రచయిత ఆబ్జెక్టును చూపిస్తుంటాయి. జేసన్‌లోకి మార్చగానే ఆ రచయిత వివరాలు రెండుసార్లు రాయబడతాయి. తిరిగి చదివితే మెమరీలో ఇద్దరు గురజాడలు లేస్తారు. ఒకరి జనన సంవత్సరం దిద్దితే రెండోవారిది పాతదే ఉండిపోతుంది. విలువలన్నీ సరిగానే వచ్చాయి. ఇద్దరూ ఒకరేనన్న నిజం మాత్రం దారిలో జారిపోయింది.

రచయిత ఆబ్జెక్టు తన పుస్తకాల జాబితాను కూడా పట్టుకుని ఉంటే సమస్య ఇంకా ముదురుతుంది. పుస్తకం నుంచి రచయితకు, రచయిత నుంచి పుస్తకానికి తిరుగుతూ కోడు ఎప్పటికీ ఆగదు. జావాస్క్రిప్టు ఇలాంటి వలయాన్ని గుర్తించగానే ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. జావా, పైథాన్‌ల సొంత సీరియలైజేషన్‌లు ఇప్పటికే రాసిన ఆబ్జెక్టుకు ఒక నంబరు ఇచ్చి, మళ్లీ ఎదురైతే ఆ నంబరు మాత్రమే రాస్తాయి. యామల్‌లో యాంకరు అనే గుర్తుతో ఇదే పని చేయవచ్చు. జేసన్‌కు అలాంటి ఏర్పాటు లేదు. ప్రోగ్రామరే రచయితకు ఒక ఐడీ ఇచ్చి, పుస్తకంలో ఆ ఐడీ రాసి, చదివాక ముడులు మళ్లీ వేసుకోవాలి. చాలామంది చేసేది అదే.

హద్దులు, వాటిని దాటే అక్షరాలు

తాటాకు మీద రాసిన తెలుగులో పదాల మధ్య ఖాళీ ఉండేది కాదు. చదివేవాడికి భాష తెలుసు కాబట్టి తనే విడదీసుకునేవాడు. యంత్రానికి ఆ తెలివి లేదు, ఏ విలువ ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టి చూపాల్సిందే. ఆ గుర్తే విలువ లోపల కూడా వస్తే చిక్కు మొదలవుతుంది. కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైలులో "విజయనగరం, ఆంధ్రప్రదేశ్" అన్న చిరునామా రెండు గడులుగా చీలిపోతుంది. చుట్టూ కొటేషన్ గుర్తులు పెడితే ఆగుతుంది, మరి విలువలోనే కొటేషన్ గుర్తుంటే? దాన్ని రెండుసార్లు రాయాలి. సీఎస్‌వీ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా దాని నియమాలను ఒకచోట రాసిపెట్టిన పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 4180, వచ్చింది 2005లోనే. ఆలోగా ఎవరి సీఎస్‌వీ వారిది. జేసన్ ఇలాంటి అక్షరం ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది, ఎక్స్‌ఎమ్‌ఎల్ యాంపర్‌శాండ్‌తో మొదలయ్యే సంకేతం వాడుతుంది. ఈ పనిని ఎస్కేపింగ్ అంటారు. జేసన్‌ను చేత్తో, స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు, ఒకదానికొకటి అతికించి తయారుచేసే కోడు సాధారణంగా తప్పేది ఇక్కడే. భాషతో వచ్చే లైబ్రరీకే ఆ పని వదిలేయడం మంచిది.

లిస్ప్ నుంచి జేసన్ దాకా

డేటాకూ పాఠ్యానికీ నేరుగా వంతెన వేసిన తొలి భాషల్లో లిస్ప్ ముఖ్యమైనది. 1960లో జాన్ మెకార్తీ ప్రచురించిన వ్యాసంలోని ఎస్-ఎక్స్‌ప్రెషన్లలో డేటా, ప్రోగ్రాము రెండూ బ్రాకెట్ల జాబితాలే. ప్రింట్ చేస్తే పాఠ్యం, రీడ్ చేస్తే మళ్లీ జాబితా. తర్వాత వచ్చిన ఫార్మాట్లు చాలావరకు ఈ సరళతను పోగొట్టుకుని మళ్లీ వెతుక్కున్నవే అనిపిస్తుంది.

పత్రాల వైపు నుంచి ఇంకో పాయ వచ్చింది. 1969లో ఐబీఎమ్‌లో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ తయారుచేసిన జీఎమ్‌ఎల్ నుంచి 1986లో ఎస్‌జీఎమ్‌ఎల్ ప్రమాణం వచ్చింది. దాన్ని వెబ్‌కు తగ్గట్టు కుదించి డబ్ల్యూ3సీ 1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0ను విడుదల చేసింది. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరులోని ఫంక్షన్‌ను పిలవడానికి అదే సంవత్సరం ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీ, దాని వెంటే సోప్ మొదలయ్యాయి. రెండు అంకెలు కూడి చెప్పమని అడగడానికి పేజీడు ట్యాగులు రాసే రోజులవి.

జేసన్‌ను తాను కనిపెట్టలేదని, అప్పటికే ఉన్నదాన్ని గుర్తించానని డగ్లస్ క్రాక్‌ఫర్డ్ చెబుతుంటాడు. జావాస్క్రిప్టులో ఆబ్జెక్టును రాసే పద్ధతి అప్పటికే భాషలో భాగం. బ్రౌజరుకు డేటా పంపడానికి అదే రాత చాలన్నది అతని గమనింపు. 2001లో అతనూ చిప్ మార్నింగ్‌స్టారూ పంపిన మొదటి సందేశం విఫలమైంది. అందులో "డూ" అనే పేరున్న అంశం ఉంది. అది జావాస్క్రిప్టుకు రిజర్వుడు పదం కావడంతో బ్రౌజరు ఒప్పుకోలేదు. ఏ పదాలు రిజర్వుడో జాబితా ఇచ్చి ప్రమాణ పత్రాన్ని పెంచడం ఇష్టం లేక, పేర్లన్నిటికీ కొటేషన్ గుర్తులు తప్పనిసరి చేశాడు. నేటికీ జేసన్ రాసేవాళ్లు ప్రతి పేరు చుట్టూ ఆ గుర్తులు కొట్టేది ఆ ఒక్క పదం వల్లే. కామెంట్లను కూడా తీసేశాడు. చదివే ప్రోగ్రాములకు గుట్టుగా ఆదేశాలివ్వడానికి జనం వాటిని వాడుతున్నారని, అలా సాగితే ఒకరి జేసన్ ఇంకొకరికి అందదని అతని భయం. డేటా మార్పిడి వరకు ఆ నిర్ణయం సరైనదే. సెట్టింగుల ఫైళ్లకు జేసన్ వాడేవాళ్లు మాత్రం ఈ పోర్టు నంబరు ఎందుకు మార్చామో రాసుకునే చోటు లేక నేటికీ తిట్టుకుంటుంటారు.

పేజీ మొత్తాన్ని మళ్లీ తెరవకుండా సర్వరు నుంచి డేటా తెచ్చుకునే పద్ధతికి 2005లో ఏజాక్స్ అన్న పేరు పుట్టింది. ఆంగ్లంలో ఆ పేరు చివరి అక్షరం ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను సూచిస్తుంది. ఆ అక్షరం పేరులో మిగిలింది, లోపల పనిచేసేది మాత్రం క్రమంగా జేసన్ అయింది. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4627, 2013లో ఎక్మా-404, 2017 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8259 వచ్చాయి. ఇన్ని పత్రాలు వచ్చినా మూల వ్యాకరణం కదల్లేదు. జేసన్‌కు వర్షన్ నంబరు లేదు.

యామల్ కూడా 2001లోనే మొదలైంది. కొటేషన్ గుర్తులు, బ్రాకెట్లు తగ్గించి, ఇండెంటేషన్‌తోనే అల్లికను చూపిస్తుంది. కంటికి హాయిగా ఉంటుంది. ఆ హాయికి మూల్యం ఏమిటంటే, కొటేషన్ లేని పదం స్ట్రింగా, సంఖ్యా, అవును-కాదా అన్నది యామలే ఊహించాలి. పాత 1.1 నియమాల ప్రకారం "నో" అని ఆంగ్ల అక్షరాల్లో రాస్తే అది ఫాల్స్. దేశాల కోడ్ల జాబితాలో నార్వే కోడు అదే కావడంతో నార్వే కాస్తా "కాదు" అయిపోయిన వైనం ప్రోగ్రామర్లలో సామెతంత ప్రచారం పొందింది. అదే నియమాల్లో 10:30 అని రాస్తే అరవై మూలాంకంగా తీసుకుని 630 అనుకుంటుంది. 2009 నాటి 1.2 ఈ రెండింటినీ సరిదిద్దింది గానీ, పాత నియమాలతో చదివే లైబ్రరీలు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి.

సంఖ్యలు, తేదీలు

జేసన్‌లో సంఖ్య ఎన్ని అంకెలదైనా కావచ్చు. వ్యాకరణం హద్దు పెట్టదు. చదివే భాష పెడుతుంది. జావాస్క్రిప్టు మామూలు సంఖ్యలన్నీ 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు కాబట్టి 9007199254740992 దాటితే ప్రతి పూర్ణాంకాన్నీ విడిగా గుర్తించలేదు. చివర 3తో ముగిసే తర్వాతి సంఖ్యను పంపితే 2గా చదువుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ట్వీట్ల ఐడీలు ఆ హద్దు దాటబోతున్నప్పుడు 2010లో ట్విటర్ అదే ఐడీని స్ట్రింగుగా కూడా పంపడం మొదలుపెట్టింది.

బ్యాంకు ఖాతా నంబరుది వేరే చిక్కు. ముందు సున్నాలున్న సంఖ్యను జేసన్ అసలు ఒప్పుకోదు. ఒప్పుకునే చోట సున్నాలు రాలిపోతాయి. ఖాతా నంబరును కూడం, తీసివేయం. అది అంకెల్లో రాసిన పేరు. దాన్ని ఎప్పుడూ స్ట్రింగుగానే పంపాలి.

దశాంశ భిన్నాల కథ లోతైనది. 0.1కి బైనరీలో కచ్చితమైన రూపం లేదు. తక్కువ అంకెలు రాస్తే కొన్ని విలువలు తిరిగి చదివినప్పుడు మారిపోతాయి, 17 అంకెలు రాస్తే 0.10000000000000001 అని వికారంగా కనిపిస్తుంది. చదివితే అదే విలువకు తిరిగొచ్చే అతి పొట్టి రాతను కనుక్కునే పద్ధతిని గై స్టీల్, జాన్ వైట్ 1990లో ప్రచురించారు. పైథాన్ ఆ తరహా ముద్రణకు మారింది 2009లో, 3.1 వర్షన్‌తో. ఇంకా వేగమైన రియూ అనే పద్ధతిని ఉల్ఫ్ ఆడమ్స్ 2018లో ఇచ్చాడు. ఒక చిన్న సంఖ్యను అక్షరాల్లో రాయడం మీద దశాబ్దాలు గడిచినా పరిశోధన ఆగలేదు.

తేదీకి జేసన్‌లో చోటే లేదు. జావాస్క్రిప్టు తేదీ ఆబ్జెక్టు ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో స్ట్రింగుగా బయటికి వెళ్తుంది, తిరిగి వచ్చేటప్పుడు స్ట్రింగుగానే మిగిలిపోతుంది. సంవత్సరం ముందు, నెల తర్వాత, చివర రోజు అన్న ఆ వరుస చూడ్డానికి కొత్తగా ఉన్నా ఎవరినీ తికమక పెట్టదు. 05/06 అని రాస్తే హైదరాబాదులో జూన్ 5, డాలస్‌లో మే 6. ఇలాంటి చిన్న నష్టాలు ఇంకా ఉన్నాయి. పైథాన్ ట్యూపుల్ జేసన్‌లోకి వెళ్లి లిస్టుగా తిరిగొస్తుంది. డిక్షనరీలో సంఖ్యగా ఉన్న కీ స్ట్రింగుగా వస్తుంది.

అపరిచితుల జాడీ

చదివిన అక్షరాలు ఏ క్లాసు ఆబ్జెక్టు కావాలో ఎవరు చెప్పాలి? ఆ అక్షరాలే చెప్పవచ్చన్న వెసులుబాటు ఇచ్చిన ప్రతిచోటా ప్రమాదం జరిగింది. పైథాన్ పికిల్ ఫైలు ఏ ఫంక్షన్‌ను పిలవాలో కూడా చెప్పగలదు. కాబట్టి నమ్మకం లేని ఫైలు తెరవడమంటే అపరిచితుడి ప్రోగ్రాము నడపడమే. ఆ హెచ్చరిక పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. 2013 జనవరిలో బయటపడ్డ రూబీ ఆన్ రెయిల్స్ లోపం గొలుసుకట్టు లాంటిది: ఎక్స్‌ఎమ్‌ఎల్ అభ్యర్థన లోపల యామల్, యామల్ లోపల దాడి చేసేవాడు కోరుకున్న రూబీ ఆబ్జెక్టు. జావాకు 1997లో చేర్చిన సొంత సీరియలైజేషన్ ఘోరమైన పొరపాటని జావా ప్లాట్‌ఫారమ్ ప్రధాన ఆర్కిటెక్ట్ మార్క్ రైన్‌హోల్డ్ 2018లో ఒప్పుకున్నాడు. డాట్‌నెట్‌లో ఇలాంటిదే అయిన బైనరీ ఫార్మాటర్‌ను 2024లో వచ్చిన 9వ వర్షన్ నుంచి పనిచేయకుండా చేశారు.

జేసన్‌కు క్లాసు పేర్లే లేవు కాబట్టి ఈ ముప్పు తక్కువ. లేమి కూడా ఒక్కోసారి రక్షణే. కానీ తొలినాళ్లలో జావాస్క్రిప్టులో జేసన్‌ను చదవడమంటే దాన్ని ఈవల్‌కు, అంటే ప్రోగ్రాముగా నడిపే ఫంక్షన్‌కు, అప్పగించడమే. వచ్చింది డేటానా దాడా అన్నది అదృష్టం మీద ఉండేది. 2009 నాటి ఎక్మాస్క్రిప్టు 5లో విడిగా పార్సర్ చేర్చాక ఆ అలవాటు తగ్గింది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు వేరే రకం గండం ఉంది. అందులో ఒక పదానికి పెట్టిన మారుపేరు పది మారుపేర్లుగా, అందులో ఒక్కొక్కటి మళ్లీ పదిగా విప్పుకునేలా రాయవచ్చు. ఒక కిలోబైటు కూడా లేని ఫైలు నూరు కోట్ల ముక్కలుగా విచ్చుకుని మెమరీని ముంచేస్తుంది. దీన్ని బిలియన్ లాఫ్స్ దాడి అంటారు.

వేగం, చోటు ముఖ్యమైన చోట పాఠ్యాన్నే వదిలేస్తారు. గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్లలో అంశాల పేర్లు అసలు ప్రయాణించవు, వాటికి ముందే ఇచ్చిన నంబర్లు వెళ్తాయి. ఏ నంబరు ఏ అంశమో చెప్పే స్కీమా దగ్గర లేకుండా ఆ బైట్లకు అర్థం చెప్పుకోలేం. ఇంకో తీరు మెసేజ్‌ప్యాక్, సీబోర్‌లది. జేసన్ అల్లికనే బైనరీలో కుదిస్తాయి.

పన్నులు, ఆధార్, తెలుగు అక్షరాలు

ప్రోగ్రామింగ్ తెలియని ఎందరో భారతీయులకు జేసన్ అన్న మాట పన్నుల దారిలో పరిచయమైంది. ఆఫ్‌లైన్ టూల్‌లో నింపిన జీఎస్‌టీ రిటర్ను జేసన్ ఫైలుగానే పోర్టల్‌కు ఎక్కుతుంది. 2020 అక్టోబరు 1 నుంచి పెద్ద వ్యాపారాలకు తప్పనిసరైన ఈ-ఇన్‌వాయిస్ కూడా జేసనే. ఆదాయపు పన్ను రిటర్ను టూల్ 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్ వదిలి జేసన్‌కు మారింది. గుంటూరు మిర్చి వ్యాపారి లెక్కలు చూసే అకౌంటెంటుకు "జేసన్ జనరేట్ చేశావా?" అన్నది రోజువారీ మాట. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఇప్పటికీ డిజిటల్ సంతకంతో కూడిన ఎక్స్‌ఎమ్‌ఎల్.

తెలుగు పాఠ్యానికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. "తెలుగు" అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు సంకేతాలున్నాయి: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. పైథాన్ జేసన్ లైబ్రరీ మాత్రం, వద్దని చెప్పకపోతే, ఒక్కో సంకేతాన్నీ బ్యాక్‌స్లాష్, యు అక్షరం, పదహారు మూలాంకంలో నాలుగంకెల కోడుగా మారుస్తుంది. 18 కాస్తా 36 అవుతుంది, ఫైలు తెరిచినవాడికి ఒక్క తెలుగు అక్షరం కనబడదు. సమాచారమేమీ పోలేదు, చదివితే తెలుగే వస్తుంది. కానీ పాఠ్యరూపం ఎంచుకున్నదే మనిషి చదవగలగడానికి. తన భాషవాడే చదవలేని పాఠ్యాన్ని పాఠ్యమనడం కష్టం. ఎన్‌ష్యూర్-ఆస్కీ అనే ఒక ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే సరిపోతుంది. ఆర్‌ఎఫ్‌సీ 8259 కూడా వేర్వేరు వ్యవస్థల మధ్య నడిచే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలంటుంది.

సంతకానికి ముందు ఒకే రూపం

ఒకే ఆబ్జెక్టును ఎన్నో రకాలుగా రాయవచ్చు: ఖాళీలు ఎక్కువ తక్కువగా, అంశాలు ముందు వెనకలుగా, సంఖ్య 1.0గానో 1గానో. చదివేవాడికి తేడా లేదు. డిజిటల్ సంతకం మాత్రం ఒక్క ఖాళీ మారినా చెల్లదు. అందుకని సంతకానికి ముందు ఒకే నిర్ణీత రూపంలోకి తెస్తారు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు ఆ నియమాలు 2001లో, జేసన్‌కు ఆర్‌ఎఫ్‌సీ 8785గా 2020లో వచ్చాయి. రెండోదాని ప్రకారం ఖాళీలన్నీ తీసేయాలి, కీలను యూటీఎఫ్-16 కోడ్ యూనిట్ల విలువను బట్టి పేర్చాలి, స్ట్రింగుల్లోని యూనికోడ్ సంకేతాలను మాత్రం ముట్టుకోకూడదు.

ఆ చివరి నియమం తెలుగులో ఒక వింతకు తావిస్తుంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వపు గుర్తు కింద ఐత్వపు తోక చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండు "పైకం"లూ ఒకేలా కనిపిస్తాయి, జేసన్‌కు మాత్రం రెండు వేర్వేరు కీలు. రెంటి సంతకాలూ వేరు. పేర్చే వరుస కూడా బడిలో నేర్చుకున్న వర్ణమాల కాదు. సున్న అకారానికన్నా ముందుంటుంది, ఱ వచ్చి ర పక్కన, ళ వచ్చి ల పక్కన చేరతాయి, హ వాడుకలోని హల్లులన్నిటి తర్వాత నిలబడుతుంది.